వృద్ధాశ్రమాల్లో స్త్రీలు – తోడు కోరుకునే హక్కు
(మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వృద్ధుల సమస్యలనగానే మనం పింఛను, వైద్యం, కొడుకులు అన్నం పెట్టకపోవటం గురించి మాట్లాడతాం. అవన్నీ మాట్లాడాల్సినవే. నేనివాళ ఎత్తబోయే విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు, కొందరికి చిరాకు కలగొచ్చు. వృద్ధాశ్రమంలో ఉన్న స్త్రీకి మరో మనిషి సాన్నిహిత్యం కోరుకునే హక్కుందా, లేదా? సాన్నిహిత్యమంటే శరీర సంబంధం ఒక్కటే కాదు. అయితే దాన్ని వదిలేసి కూడా మాట్లాడటం లేదు. పక్కన కూర్చోవటం, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసే మనిషి ఉండటం, రాత్రి నిద్ర పట్టకపోతే పలకరించే గొంతు ఉండటం, అన్నీ అందులోవే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళు 10 కోట్ల పైచిలుకు. అందులో సగానికి పైగా స్త్రీలు. భర్త పోయాక ఒంటరిగా మిగిలేది ఎక్కువగా మనమే. అయినా తోడు అన్న మాట ముసలాయన గురించి వస్తే "పాపం, వండిపెట్టేవాళ్ళు లేరు" అంటారు. ముసలామె గురించి వస్తే "కృష్ణా రామా అనుకోవాల్సిన వయసులో ఇదేం పోయేకాలం" అంటారు. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు పెళ్ళి కోరిక కనీసం హాస్యానికైనా నోచుకుంది. ఆ వయసు స్త్రీ కోరికకు ఆ మాత్రం చోటు కూడా దొరకలేదు. సంస్కర్తలను తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించిన తొలి వితంతు వివాహంలో వధువు చిన్నపిల్ల. "ముందు జీవితమంతా ఉంది కదా" అన్నదే ఆనాటి వాదనకు బలం. ఆ వాదన 65 ఏళ్ళ స్త్రీకి పనికిరాదు. ఆమె కోసం వాదన మనమే తయారుచేసుకోవాలి.

నేను చూసిన ఒక ఆశ్రమం సంగతి చెబుతాను, పేరు అనవసరం. అక్కడ ఒకామె, ఒకాయన రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని పేపరు చదువుకునేవారు. ఆమెకు చూపు సరిగా లేదు, ఆయన పైకి చదివేవాడు. మేనేజరు ఆమె కొడుక్కి ఫోను చేశాడు. కొడుకు వచ్చి ఆమెను వేరే ఊళ్ళో ఇంకో ఆశ్రమంలో చేర్చాడు. ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన పిల్లలకు ఎవరూ ఫోను చెయ్యలేదు! చేర్చుకునే ఫారంలో 'గార్డియన్' అన్న చోట కొడుకు సంతకం ఉంది కాబట్టి అలా చేశామన్నారు. మతి స్థిమితం ఉన్న మేజరు స్త్రీకి గార్డియన్ ఎవరండీ? డబ్బు కట్టే మనిషి డబ్బు కట్టే మనిషే. అంతకు మించి అతనికి ఏ చట్టమూ అధికారం ఇవ్వలేదు.

ఇద్దరు స్త్రీలు మంచాలు దగ్గరకు జరుపుకుంటే "ఊడవటానికి అడ్డం" అని విడదీసిన చోట్లున్నాయి. వాళ్ళది స్నేహమో, అంతకు మించినదో అడిగే పని మనకు లేదు. భార్యాభర్తలను ఆడవాళ్ళ హాలు, మగవాళ్ళ హాలు అని విడదీసే ఆశ్రమాలూ ఉన్నాయి. దీనికి రెండో వైపు కూడా ఉంది. నలభై ఏళ్ళు దెబ్బలు తిన్న భార్య ఆశ్రమానికి వచ్చాకైనా వేరే గదిలో పడుకుంటానంటే, "దంపతులకు ఒకే గది" అని ఆమెను మళ్ళీ అతని పక్కకే పంపటం కూడా హింసే. వద్దనే హక్కు లేకపోతే కావాలనే హక్కుకు అర్థం లేదు. మతిమరుపు జబ్బు ముదిరిన స్త్రీ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఆమె మౌనాన్ని ఒప్పుదలగా లెక్కించకూడదు.

చట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బెదిరింపులన్నీ ఇక్కడే జరుగుతాయి. "మళ్ళీ పెళ్ళి చేసుకుంటే నాన్న ఆస్తి పోతుంది" అని పిల్లలంటారు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టంలో అలాగే ఉండేది. దాన్ని 1983లో రద్దు చేశారు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం భర్త నుంచి వారసత్వంగా వచ్చిన వాటా ఆమె సొంతం, పెళ్ళితో పోదు. పింఛను వేరే సంగతి. ప్రభుత్వ ఉద్యోగి భార్యకొచ్చే కుటుంబ పింఛను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే సాధారణంగా ఆగిపోతుంది. వితంతు పింఛనూ అంతే. అందుకే చాలామంది పెళ్ళి లేకుండా కలిసి ఉందామనుకుంటారు. 2005 గృహహింస చట్టం వివాహం లాంటి సంబంధాన్ని కూడా గుర్తించింది. కానీ ఆ సంబంధంలో ఉన్నవాళ్ళు లోకానికి దంపతుల్లా కనపడాలని 2010లో సుప్రీంకోర్టు షరతు పెట్టింది. ఆశ్రమమేమో దాచుకోమంటుంది, కోర్టేమో దాచుకుంటే రక్షణ లేదంటుంది! మధ్యలో నలిగేది ఆమె.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 19వ సెక్షను ఆశ్రమాల ప్రమాణాల గురించి చెబుతూ వైద్యం, వినోదం అన్నది. ఏకాంతం గురించి ఒక్క మాట లేదు. ప్రమాణాలు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకుంది కనుక మనం అడగాల్సింది అక్కడే.

హైదరాబాదులో 'తోడు నీడ' లాంటి సంస్థలు వయసు మళ్ళిన ఒంటరివాళ్ళకు పరిచయాలు కల్పించే పని మొదలుపెట్టాయి. మంచిదే. అయితే అక్కడికి వెళ్ళగలిగేది చేతిలో ఆటో డబ్బులున్న స్త్రీ. ఉచిత ఆశ్రమంలో ఉన్నామె గేటు దాటాలంటే రిజిస్టరులో సంతకం పెట్టాలి, సాయంత్రం ఆరులోపు రావాలి.

మీలో చాలామంది ఆశ్రమాలకు వెళ్తుంటారు. ఈసారి వెళ్ళినప్పుడు చేర్చుకునే ఫారం అడిగి తీసుకుని చదవండి. ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు మేనేజరును బయట ఉండమనండి. గదులకు లోపలి గడియ ఉందో లేదో చూడండి. చాలాచోట్ల ఉండదు. పెద్దవాళ్ళు లోపల పడిపోతే ఎలా అంటారు. భయం నిజమైనదే. బయటి నుంచి తాళంచెవితో తీయగలిగే గడియలు బజారులో దొరుకుతాయి. బాత్రూములకు అవి పెట్టించినవాళ్ళు పడక గదులకు ఎందుకు పెట్టించలేదో అడగండి.