టేబుల్ టెన్నిస్: మొదటి మూడు నెలల మష్క్
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్లలోనూ పిల్లల కోసం ఒక్కొక్క టేబుల్ టెన్నిస్ బల్ల వేయించాలని సంఘం ఆలోచిస్తున్నది. బల్ల వేసినంత మాత్రాన ఆట వస్తుందా, కొత్తగా నేర్చుకొనే పిల్లవాడు ఏ విధంగా సాధన చేస్తే పైకి వస్తాడు, ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పేవాళ్లము. కాబట్టి మాకు తెలిసిన బడి భాషలోనే మనవి చేసుకొంటాము.

ముందుగా ఈ ఆటే ఎందుకు? మన జిల్లా ఎండలు మీకు చెప్పనక్కర లేదు. మార్చి నెలలో ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నం నుంచి పిల్లలకు పని ఉండదు. మైదానంలో ఆడే వీలు ఉండదు. అప్పుడు చేతిలోకి వచ్చేది సెల్‌ఫోను. ఫోనులో వీడియోలతో మొదలై క్రికెట్ పందేల దాకా పోయిన కుర్రవాళ్ల సంగతి ఏ ఊరి తల్లిదండ్రులను అడిగినా చెబుతారు. నీడపట్టున, ఒక్క గదిలో, తక్కువ ఖర్చుతో ఆడుకొనే ఆట ఇది. ఒంటికి కసరత్తు, కంటికి చురుకు, మనసుకు నిలకడ మూడూ దొరుకుతాయి.

బల్ల 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. నెట్ ఎత్తు 6 అంగుళాలు. మన ప్రాంతం బండలకు పేరుమోసింది కదా, కొయ్యబల్లకు డబ్బు చాలకపోతే నున్నటి కడప బండలతో కట్టించవచ్చునా అని కొందరు అడిగారు. దానికి పరీక్ష ఉంది. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బంతిని వదిలితే దాదాపు 23 సెంటీమీటర్లు పైకి లేవాలి, బల్ల మీద అన్ని చోట్లా ఒకే తీరుగా లేవాలి. అతుకుల దగ్గర తేడా రాకపోతే నేర్చుకొనేందుకు ఆ బల్ల పనికివస్తుంది. ఇంకొక మాట, బంతి బరువు 2.7 గ్రాములు మాత్రమే. ఫ్యాను గాలికే దారి తప్పుతుంది. అందుచేత ఫ్యాను ఆపి ఆడవలసిందే. మన ఎండాకాలంలో ఫజ్ర్ తర్వాత, మళ్లీ అస్ర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ ఆడిస్తే పిల్లలు తట్టుకొంటారు.

ఇక అసలు సంగతి. కొత్త బల్ల వచ్చిన చోట జరిగేది ఏమంటే, మొదటి రోజు నుంచే పందెం ఆట. ఓడినవాడు బ్యాటు ఇచ్చి పక్కకు పోవాలి. పన్నెండు మంది పిల్లలు ఉంటే బాగా ఆడేవాడు గంటసేపు బల్ల దగ్గరే ఉంటాడు, రానివాడు ఐదు నిమిషాలు ఆడి గంటసేపు గోడకు ఆనుకొని నిలబడతాడు. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాడికే తక్కువ దొరుకుతుంది. వారం తిరిగేసరికి వాడు రావడం మానేస్తాడు. పోనీ గెలిచినవాడైనా నేర్చుకొంటాడా అంటే అదీ లేదు. వచ్చిన దెబ్బే కొడుతూ ఉంటాడు, రానిదాని జోలికి పోడు.

మనం తఖ్తీ మీద రాత ఎట్లా నేర్పుతాము? మొదటి రోజే ఖత్ రాయమని కూర్చోబెట్టము. ఒక్క అలిఫ్ నిటారుగా వచ్చేదాకా అదే రాయిస్తాము, తప్పు చూపిస్తాము, తఖ్తీ కడిగించి మళ్లీ రాయిస్తాము. హిఫ్జ్ చేసే పిల్లవాడిని చూడండి. ఆ రోజు సబఖ్ వేరు, ఈ మధ్య చదివిన సబఖీ వేరు, పాతదైన మంజిల్ వేరు. మూడూ రోజూ అప్పజెప్పాలి. కొత్తది కొంచెమే, పాతది విడవకుండా, వినేవారు ఎదురుగా ఉండి తప్పు దిద్దుతూ. ఆండర్స్ ఎరిక్సన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్లిన్‌లో వయొలిన్ నేర్చే విద్యార్థులను పరిశీలించి 1993లో ప్రకటించిన విషయం దీనికి దగ్గరగానే ఉంది. ఊరికే వాయిస్తూ పోవడం కాదు, రానిచోటు ఎంచుకొని దాన్ని దిద్దుకొంటూ చేసే సాధనే మనిషిని పైకి తెస్తుందని ఆయన అన్నారు.

ఈ పద్ధతిని బల్ల దగ్గరకు తెద్దాము.

మొదటి నెల: బ్యాటు పట్టు. ముసాఫహా చేసేటప్పుడు చెయ్యి చాపినట్టు పట్టుకోవాలి. పిడికిలి బిగించకూడదు. మోకాళ్లు కొంచెం వంచి, మడమల మీద బరువు వేయకుండా నిలబడాలి. ఒంటరిగా బ్యాటు మీద బంతిని ఎగరేయడం, ఒకవైపు 100, రెండోవైపు 100. తర్వాత ఫోర్‌హ్యాండ్ ఒక్కటే. గట్టిగా కొట్టవద్దు, బంతి బల్ల మీద పడి లేచినప్పుడు అందుకొని ఎదుటివాడికి అందేటట్టు పంపాలి. ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. తెగకుండా 10 వచ్చాక 20, ఆ పైన 50. నోటుపుస్తకంలో తేదీ వేసి లెక్క రాసుకోవాలి. ఇక్కడ ఎదుటివాడు శత్రువు కాడు, జోడీ. బల్ల మధ్య తెల్లగీతకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నిలువుగా ఆడితే ఒకే బల్ల మీద నలుగురు సాధన చేయవచ్చు.

రెండో నెల: బ్యాక్‌హ్యాండ్, దాని తర్వాత పుష్. అంటే బంతి అడుగును మెల్లగా కోసినట్టు తోయడం. అట్లా కోసిన బంతి తిరుగుతూ వస్తుంది. కొత్తవాడు మామూలుగా కొడితే నెట్‌లో పడుతుంది. బ్యాటు ముఖం కొంచెం పైకి తిప్పితే దాటుతుంది. ఈ ఒక్క కారణం తెలియక ఎందరో పిల్లలు 'నాకు రాదు' అని వదిలేస్తారు. ఫోర్‌హ్యాండ్ లెక్క మాత్రం రోజూ పది నిమిషాలు తప్పకూడదు. అది మన సబఖీ, మంజిల్.

మూడో నెల: సర్వీసు. బంతి తెరిచిన అరచేతిలో ఉండాలి, బల్ల చివర గీతకు వెనక నుంచి కనీసం 16 సెంటీమీటర్లు పైకి ఎగరేసి, కిందికి దిగేటప్పుడు కొట్టాలి. దీనికి జోడీ కూడా అవసరం లేదు. ఒక గిన్నెడు బంతులు, అవతలి వైపు గురిగా ఒక కాగితం ముక్క ఉంటే చాలు. అదే గిన్నెతో పెద్దవాడొకడు బంతి వెంట బంతి ఒకే చోటికి అందిస్తే పిల్లవాడు పది నిమిషాల్లో నూటికి పైగా దెబ్బలు కొడతాడు. పందెం ఆటలో అన్ని దెబ్బలకు ఎన్నో రోజులు పడుతుంది. ఈ నెల నుంచి వారానికి ఒక్క రోజు పందెం ఆట పెట్టండి. పెద్దలకు గుర్తున్న 21 పాయింట్ల ఆట 2001లో మారింది. ఇప్పుడు 11 పాయింట్లకే ఒక గేము, సర్వీసు రెండేసి చొప్పున.

రోజుకు ముప్పావు గంట చాలు. పులివెందుల చీనీ తోటల రైతులకు తెలుసు, చెరువంతా ఒకరోజు పారించేకన్నా వేరు దగ్గర రోజూ బొట్టు బొట్టు పడితేనే చెట్టు నిలుస్తుంది.

ఇంగ్లండులో మాథ్యూ సయ్యద్ అనే ఆటగాడు ఉన్నాడు. తండ్రి పాకిస్తాన్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాడు. 1992, 2000 ఒలింపిక్స్‌లో ఆడిన ఈయన 2010లో ఒక పుస్తకం రాసి తన విజయానికి కారణాలు చెప్పుకొన్నాడు. ఇంటి గ్యారేజీలో ఒక బల్ల, తోడు ఆడే అన్న, ఆట మీద ప్రేమ ఉన్న ఒక బడిపంతులు, సభ్యులు ఎప్పుడైనా తెరుచుకొని ఆడేందుకు తాళం చెవి ఇచ్చిన ఒక చిన్న క్లబ్బు. ఆ వీధి చుట్టుపక్కల నుంచే మంచి ఆటగాళ్లు ఎందరో వచ్చారట. పెద్ద స్టేడియం కాదు చూడండి, తెరిచి ఉన్న ఒక గది.

చివరగా ఒక మాట, ఇది కొందరికి నచ్చకపోవచ్చు. బల్ల వేస్తే ఆడపిల్లలకు కూడా వేళ కేటాయించాలి. 'మాస్టర్ సాబ్, ఎనిమిదో తరగతి దాటిన పిల్లకు ఆటలెందుకు?' అని మమ్మల్ని అడిగే తండ్రులున్నారు. వారికి మేము హైదరాబాదు సంగతి చెబుతాము. ఆ నగరానికి చెందిన మన బిడ్డ సయ్యద్ సుల్తానా 1950ల తొలి ఏళ్లలోనే దేశానికి మహిళా చాంపియన్. అదే నగరం నుంచి మీర్ ఖాసిం అలీ 1969లో అర్జున అవార్డు పొందారు. మొన్న 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి బంగారు పతకం గెలిచిన ఆకుల శ్రీజ కూడా హైదరాబాదు అమ్మాయే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె చివరి పదహారు మందిలో నిలిచింది. మన పిల్లలందరూ అంతటివారు కావాలని మేము అనడం లేదు. ఉద్యోగం ఆశ చూపించడమూ లేదు. గది తలుపు ఎదుట ఒక తల్లి కూర్చొంటే, వారానికి మూడు సాయంత్రాలు అమ్మాయిలు నిశ్చింతగా ఆడుకోగలరు. పదమూడేళ్ల పిల్ల తన చేతి మీద తనకు నమ్మకం తెచ్చుకొంటే అది చదువులోనూ, రేపు సంసారంలోనూ పనికివస్తుంది.

కాబట్టి కార్యవర్గం వారికి మా మనవి మూడు ముక్కలు. బల్లతో పాటు గిన్నెడు బంతులూ, ఒక లెక్కల పుస్తకమూ కొనండి. ప్రతి ఊళ్లోనూ సాయంత్రం గది తెరిచే బాధ్యత ఒక పెద్దమనిషి తీసుకోవాలి. వేళల పట్టికలో ఆడపిల్లల వరుస ముందుగా రాయండి, మిగిలిన వేళలు తర్వాత నింపుకొందాము.