జ్ఞానదంతం – దాని పక్క పన్ను
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఐనా చదువుకునే పిల్లలు బుగ్గ పట్టుకుని తిరగటం ఏటా చూస్తున్నాను గనుక ఈ విషయం ఎత్తుకున్నాను.

ఉర్దూలో అక్ల్ దాఢ్ అంటాం, తెలుగులో జ్ఞానదంతం. రెండు భాషలూ తెలివికే ముడిపెట్టాయి. 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తుంది మరి! అప్పటికి చాలామందికి దవడలో చోటు మిగలదు. అది ముందుకు ఒరిగి, పక్క పన్నుకు తల ఆనించి ఆగిపోతుంది.

ఆ పక్క పన్ను సుమారు 12 ఏళ్లకు వచ్చిన రెండో దవడపన్ను. జ్ఞానదంతం పోయినా నమలటానికి లోటు లేదు. ఇది పోతే మాత్రం లోటే. నొప్పి జ్ఞానదంతానిదే అనుకుంటాం, నష్టం ఒక్కోసారి పక్కదానికి జరిగిపోతూ వుంటుంది.

సగం బయటికి, సగం చిగురు కింద వున్న పన్నుతోనే బాధ ఎక్కువ. రెంటి మధ్య సందులో అన్నం మెతుకు, మాంసం పీచు ఇరుక్కుంటాయి. బ్రష్షు అక్కడికి అందదు. మెల్లగా రెండో దవడపన్ను వెనకవైపు పుచ్చుతుంది. అద్దంలో చూసుకున్నా కనబడదు. పుచ్చు లోపలి నరం దాకా పోతే రూట్ కెనాల్ చేయించాలి, లేదా పీకించుకోవాలి. కొందరిలో చిగురు వదులై, వేరు చుట్టూ ఎముక తరిగిపోతుంది. అరుదుగా ఆ ఒత్తిడికి పక్క పన్ను వేరే అరుగుతుంది. దీనికి నొప్పి కూడా వుండకపోవచ్చు, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.

లవంగ నూనె రాస్తే నొప్పి కాసేపు తగ్గుతుంది, కాదనను. పుచ్చు ఆగదు. కొందరు ఆస్ప్రిన్ బిళ్ళ చిగురు మీద పెడతారు, అది చిగురును కాలుస్తుంది.

అలాగని అందరూ పీకించుకోమని నేననను. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2000లో, జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరిట తీయవద్దని చెప్పింది. ముందు పళ్లు వంకరవుతాయని తీయించటానికీ తగిన ఆధారం లేదు. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం దగ్గరగా వుంటుంది, కాబట్టి ఎక్స్‌రే చూపించి డాక్టరునే అడగండి: నా పక్క పన్ను ఎలా వుంది? జ్వరం, మింగలేకపోవటం, నోరు తెరవలేకపోవటం వుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.