విజిల్ ఎవరికి కావాలి?



మన తండాలో తగవు వస్తే నాయక్, కార్‌భారి కూర్చుని తీర్పు చెబుతారు. ఫుట్‌బాల్ మైదానంలో ఆ పని రిఫరీది.

దేవరకొండ దిక్కు మా హాస్టల్‌లో జట్టులో చోటు దొరకని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయికి మేం విజిల్ ఇచ్చాం. ముందు గీత పక్కన జెండా పట్టింది. తర్వాత చిన్నపిల్లల ఆట నడిపింది. మొదటిరోజు ఆమె విజిల్ ఎవరికీ వినబడలేదు. "గట్టిగా ఊదు. తప్పు చెప్పావనిపిస్తే ఆట మళ్లీ మొదలుకాకముందే దిద్దుకో" అన్నాం. నిబంధన కూడా అదే.

ఒకసారి మన జట్టు మీదే పెనాల్టీ ఇచ్చింది. ఓడిపోయాం. ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. మేం పళ్లెం తీసుకుని వెళ్లి కూర్చున్నాం. కాసేపటికి ఇంకో పిల్ల వచ్చింది. "బంతి నా చేతికి తగిలింది నిజమే అక్కా" అంది.

మన హైదరాబాద్ ఎస్.ఎస్. హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టుకు ఎంపికైనా ఆడే అవకాశం రాలేదు. తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. 2022లో ఖతార్‌లో స్తెఫానీ ఫ్రాపార్ట్ పురుషుల ప్రపంచకప్ మ్యాచ్ నడిపిన తొలి మహిళా రిఫరీ అయింది.

జట్టులో పేరు రాలేదని ఇంటికి పోకండి. మా దగ్గర ఇంకా రెండు విజిళ్లున్నాయి. ఎవరికి కావాలి?