మిద్దె మీద మన్ను, చేతుల విత్తనం

(పాతబస్తీ లాల్‌దర్వాజల విద్యార్థులు, ఉద్యోగుల ముందు మాట్లాడిన ప్రసంగ పాఠం)



2011ల సకల జనుల సమ్మెను ఒక్కసారి యాదికి తెచ్చుకుందాం. సెప్టెంబర్ 13న మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది. ఇక్కడ కూసున్న ఉద్యోగులల్ల చాలామంది ఆ దినాలు జీతం లేకుంట ఎల్లదీసినోళ్లే. మేం అప్పుడు డిగ్రీ చదివే పోరగాండ్లం. రోడ్డు మీద వంటావార్పు పెడితే ఒకరు బియ్యం తెచ్చేది, ఒకరు పప్పు తెచ్చేది, ఇంకొకరు కట్టెలు మోసుకొచ్చేది. రాజకీయాలు ఎన్నన్న మాట్లాడుకోవచ్చు గని, ఆ 42 దినాలు ప్రతి ఇంటిని ఒక ప్రశ్న అడిగినయి. జీతం ఆగితే మీ పొయ్యి ఎన్ని దినాలు మండుతది? జవాబు ఉన్నోడు కొట్లాటల నిలబడ్డడు. లేనోడు నిలబడనీకె అప్పు చేసిండు.

మళ్ల అదే ప్రశ్న 2020ల వచ్చింది. మార్చిల లాక్‌డౌన్ పడ్డది. ఏప్రిల్ ఆఖర్ల రంజాన్ నెల మొదలైతే చార్మినార్ చుట్టూ రాత్రి బజారే లేదు. లాడ్‌బజార్ల లక్క గాజులు చేసేటోళ్లకు, జర్దోజీ మగ్గం మీద కూసునేటోళ్లకు, ఆటో నడిపేటోళ్లకు నాలుగు పైసలు కండ్లవడే నెల అది. ఆ నెలంత చేతులు కట్టుకొని కూసున్నరు. అదే ఏడు అక్టోబర్ల పెద్ద వానలకు చెరువు కట్టలు తెగి హఫీజ్‌బాబానగర్, అల్‌జుబైల్ కాలనీ ఇండ్లల్లకు నీళ్లు జొచ్చినయి. దాచుకున్న బియ్యం గూడ నానిపోయినయి. ఒక్క ఏడాదిల రెండు దెబ్బలు.

మేం పనిచేసే కాడ గూడ జీతం సగం కోసిండ్రు. కిరాయి మాత్రం ఎవ్వరూ కొయ్యలే. గిరిగిరి ఫైనాన్స్‌ల పదివేలు తెచ్చినం. అప్పు తీరినంక ఆ పైసలు ఎటు పోయినయో రాసుకున్న కాగితం తీసి చూసినం. పెద్ద ఖర్చు ఒక్కటి గూడ లేదు. కొత్మీర్, మిర్చి, టమాట, ఆకుకూర... రోజుకు ముప్పై రూపాయలు. ముప్పై అంటే నెలకు తొమ్మిది వందలు, ఏడాదికి పదివేల ఎనిమిది వందలు. మేం వడ్డీకి తెచ్చిన అప్పెంతనో ఇదీ అంతే.

ఆ కాగితమే మాకు పాఠం చెప్పింది. కష్టకాలానికి తయారుగ ఉండుడంటే బంగారం దాచుడొక్కటే గాదు. రోజూ చేతుల నుంచి జారిపోయే చిల్లరను ఆపుడు. ఇయ్యాల మీతోని చెప్పదలచుకున్నది గిదే.

మన కూరగాయలు మాదన్నపేటకు, మీరాలం మండీకి ఎక్కడెక్కడి నుంచో వస్తయి. టమాట మదనపల్లి నుంచి లారీ ఎక్కి రావాలె. అక్కడ పంట దెబ్బతింటే ఇక్కడ మన గల్లీల ధర మండుతది. 2023 జూలైల టమాట కిలో వంద రూపాయలు దాటిన సంగతి మర్చిపోలేదు గదా? ఆ నెల మన ఇండ్లల్ల చింతపండే టమాటైంది.

"పాతబస్తీల చెట్టు పెట్టనీకె జాగేది?" అని అడుగుతరు. వాజిబే. కని ఈ ఊరి చరిత్ర చూడండి. 1591ల కులీ కుతుబ్‌షా కట్టిన ఈ పట్నానికి పదిహేడో శతాబ్దంల టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చిండు. ఆయన ఈ ఊరి పేరును బాగ్‌నగర్ అనే రాసిండు. రాజమహల్ మిద్దెల మీద తోటలున్నయని, అంత పెద్ద చెట్ల బరువు కింది కమాన్లు ఎట్ల మోస్తున్నయో అని ఆశ్చర్యపోయిండు. అంటే మిద్దె తోట మనకు నిన్న మొన్న టీవీల చూసి నేర్చుకున్న ముచ్చట గాదు. మన తాతల ఇండ్లల్ల గూడ సెహన్ ఉండేది. సెహన్ల జామ చెట్టు, దానిమ్మ, నిమ్మ, కల్యామాకు ఉండేటియి. అన్నదమ్ములు పంచుకున్నరు, సెహన్ మీద అర్రలు లేసినయి. నేల పోయింది. ఇగ మిగిలింది మిద్దే.

మేం మొదలు పెట్టినప్పుడు ఏమైందో దాపరికం లేకుంట చెప్తం. పెయింట్ బకెట్లు తెచ్చి, కింద బొక్కలు కొట్టకుంటనే మన్ను నింపినం. రెండు వానలకు నీళ్లు నిలిచి వేర్లు కుళ్లినయి. రెండోసారి నడి మే నెలల కొత్మీర్ చల్లినం, ఎండకు మాడింది. ఇంట్ల అందరు నవ్విండ్రు. మూడోసారికి పని తెలిసింది.

ఎర్రమట్టి, బాగ చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమానంగ కలపండి. బకెట్ కింద నాలుగైదు బొక్కలు తప్పకుంట కొట్టండి. కొత్త కుండీలు కొననే వద్దు. పాత బకెట్లు, బియ్యం సంచులు, పండ్ల దుకాణంల పారేసే థర్మకోల్ డబ్బలు చాలు. తోట కోసం అప్పు చేసినోడు తోట అసలు సంగతే మర్చిపోయినట్టు. ముందుగాల ఆకుకూరలే పెట్టండి. మెంతి, తోటకూర నెల లోపలనే కోతకొస్తయి. పాలకూర ఇంకో వారం. పుంటికూర, మన ఉర్దూ అక్కలు అంబాడా అంటరు, ఎండకు గూడ నిలుస్తది. గంగవాయిలి కూర అయితే ఒక్కసారి నాటితే పొమ్మన్నా పోదు. పుదీన కొమ్మ గుచ్చితే చాలు. మిరుగం పడంగనే బీర, సోర, చిక్కుడు గింజలు పెట్టి తాడు పందిరికి ఎక్కియ్యండి. టమాట, కొత్మీర్ చలికాలానికి ఉంచండి. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు మోరీల పొయ్యకండి. కూరగాయ పొట్టు, ఎండుటాకులు వరుసగ ఒక బకెట్ల వేసి మూత పెడితే రెండు మూడు నెలల్ల ఎరువైతది. పురుగు పడితే లీటర్ నీళ్లల్ల ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, చారెడు సబ్బునీళ్లు కలిపి కొట్టండి.

రెండు జాగ్రత్తలు. మన గల్లీలల్ల సున్నం, కట్టె దూలాల పాత ఇండ్లు చాన ఉన్నయి. తడిసిన మన్ను బరువు మామూలుగ ఉండదు. వానకాలంల గోడలు కూలే ఇండ్ల మీద తోట వద్దు. గట్టి స్లాబైనా నడుమ గాకుంట గోడల అంచుకే బకెట్లు పెట్టండి. ఇగ రెండోది, మూసీ నీళ్లు గని, మోరీ నీళ్లు గని కూరకు పొయ్యొద్దు. పైస మిగులుతదని పానం మీదికి తెచ్చుకోవద్దు.

లేని ఆశలు గూడ మేం పెట్టం. మిద్దె మీద వడ్లు పండయి. నూనె, కిరాయి, పిల్లల ఫీజులు తోటల కాయవు. ముప్పైల పదిహేను మిగిలినా ఏడాదికి ఐదువేల పైన. ఆ ఐదువేలను పొదుపుల వేసి పక్కకు పెడితేనే తోట పెట్టినందుకు ఫలితం. అట్ల గాకుంట మిగిలింది మిగిలినట్టే ఖర్చు పెడితే మళ్ల ఫైనాన్సోడి గడప తొక్కుడే.

ఒక్క ఇంటితోని గూడ ఇది కాదు. మన తెలంగాణలనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఉన్నది. 1983ల మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతోని అక్కడి సంఘం ఆడోళ్లు, ఎక్కువ మంది దళిత అక్కలు, పడావు పడ్డ భూములు దున్నిండ్రు. జొన్న, కొర్ర, పప్పుగింజల విత్తనాలు ఇంట్లనే దాచిండ్రు. ఒకరు విత్తనం తీసుకపోతే పంట వచ్చినంక అంతకు ఎక్కువ తిరిగిచ్చిండ్రు. 2019ల ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. విత్తనం చేతుల ఉన్నోడు ఎవరి ముందట చెయ్యి చాపడు. ఇదే వాళ్ల లెక్క.

దూర దేశం కథ గూడ ఒక్క మాట. 1991ల సోవియట్ యూనియన్ కూలినంక క్యూబాకు చమురు, ఎరువులు, తిండి రాక ఆగినయి. హవానా జనం ఖాళీ జాగలల్ల, ఇండ్ల మీద కూరగాయలు పండించుకున్నరు. దాంతోని ఆ దేశం ఆకలి మొత్తం తీరలే, ఇప్పటికీ చాలా తిండి బయటి నుంచే కొంటున్నది. కని గడ్డుకాలంల పళ్లెంల పచ్చని కూర ఉండుడు చిన్న సంగతి గాదు.

అందుకే గల్లీకొక విత్తనాల డబ్బ పెట్టుకుందాం. గౌలిపురాల సోర గింజలు తలాబ్‌కట్టకు పోవాలె, అక్కడి పుదీన కొమ్మ ఇక్కడికి రావాలె. పండుగలు వేరు గావచ్చు, కూర ధర అందరికీ ఒక్కటే. ఉద్యోగ మిత్రులు సర్కారు బడుల మిద్దెలు, పార్కు మూలలు ఇందుకు ఇయ్యమని అడగాలె. మన పని మనం చేసుకుంటనే సర్కారును అడుగుదాం.

ఇంటికి పోయినంక ఒక్క పని చేయండి. పోపుడబ్బల మెంతులుంటయి. పిడికెడు తీసి రాత్రికి నానబెట్టండి. పొద్దుగాల పాత బకెట్ల చల్లి, పైన పల్చగ మన్ను కప్పండి. నెల దినాలకు మళ్ల ఇక్కడనే కూడుదాం. ఉపన్యాసం ఉండది. ఎవరి బకెట్ల ఏం మొలిచిందో, ఎవరిది ఎందుకు ఎండిందో చెప్పుకుందాం.

జై తెలంగాణ!