'రోజా' పాటలో మన ఎడబాటు



నేను దేశభక్తి గీతం గురించి మాట్లాడతాననుకుని ఉంటారు. కాదండీ, ఒక ప్రేమపాట గురించి చెబుతాను. 1992 ఆగస్టు 15న విడుదలైన మణిరత్నం గారి తమిళ చిత్రం 'రోజా'లోని 'కాదల్ రోజావే' పాట. తమిళంలో వైరముత్తు, తెలుగులో రాజశ్రీ రాశారు. తమిళం, తెలుగు, హిందీ మూడింట్లోనూ పాడింది మన నెల్లూరు జిల్లా బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారే. అందువల్ల ఒకే బ్యారక్‌లో తమిళ తంబీ, మనవాడు, హర్యానా భాయ్ ఎవరి భాషలో వాళ్లు అదే గొంతు వినగలిగారు.

కథ మీకు తెలిసిందే. హీరో రిషికుమార్ సంకేత లిపిని విప్పే ఇంజనీరు. డ్యూటీ మీద కాశ్మీరు వెళ్లి తీవ్రవాదులకు బందీ అవుతాడు. భార్య పల్లెటూరి పిల్ల. హిందీ రాకుండానే అధికారుల తలుపులు తడుతుంది. భాష తెలియని కంటోన్మెంటుకు కొత్తగా వచ్చిన మన ఆడపడుచులకు ఆ తిప్పలు వేరే చెప్పాలా?

రెహమాన్‌కి అది మొదటి సినిమా. అప్పటికి పాతికేళ్ల కుర్రవాడు. సంగీతానికి జాతీయ అవార్డు వచ్చింది. ఈ పాటలో హోరు లేదు, నడక నిదానం. బాలు గారు ఎక్కడా ఏడవరు, గొంతు చించుకోరు. పిలిచి, జవాబు కోసం కాసేపు ఆగినట్టు పాడతారు. సుజాత గారి గొంతు మాటలు లేని ఆలాపనగా వినిపిస్తుంది. అంటే, మనిషి మనసులో ఉంది, మాట మాత్రం అందడం లేదు. విరహమంటే అదే కదా!

మన ఉత్తరాలు గుర్తు చేసుకోండి. 'ఇక్కడ నేను క్షేమం' అని మనం, 'ఇక్కడ మేమంతా క్షేమం' అని వాళ్లు. ఆ రెండు క్షేమాల మధ్య ఉన్నది ఎవరూ రాసేవారు కాదు. ఇప్పుడు చేతిలో ఫోను, అందులో వీడియో కాల్ ఉన్నాయి. అయినా చాలామంది 'అంతా ఓకే' అని పెట్టేస్తారు. యూనిఫాం వేసుకున్నవాడు బెంగ పెట్టుకోకూడదని మనకి మనమే ఒక రూలు పెట్టుకున్నాం. ఆ పాట ఆ రూలుని ఒప్పుకోదు. అందులో భార్య కోసం తపించినవాడే తుపాకుల మధ్య తల వంచకుండా నిలబడ్డాడు. బెంగ వేరు, పిరికితనం వేరు.

బాలు గారు 2020లో మనల్ని విడిచి వెళ్లారు. పాట మిగిలింది. సీనియర్లకు నాదొక్కటే మనవి. పోస్టులో ఒక కుర్రాడు విడిగా కూర్చుని ఇలాంటి పాట పదే పదే వింటుంటే ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని, "ఇంటి దగ్గర ఎలా ఉన్నారు తమ్ముడూ?" అని అడగండి. వాడు 'అంతా ఓకే' అంటే వెంటనే లేచి వెళ్లిపోకండి.

సెలవు. జై హింద్.