మన విలువ ఎవరు కట్టాలి?

(పద్మనగర్‌లో జరిగిన సాంచెల కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి పాళీ దిగి నిద్ర మానుకొని వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు. ఇంకో గంటలో పాళీ ఎక్కవలసినవాళ్లూ ఉన్నారు. అందుకని సాగదీయకుండా మాట్లాడుతాను.

ఈ రోజు ఎజెండాలో మీటరు రేటు ఉంది, బోనస్ ఉంది, హాజరీ కార్డుల సంగతి ఉంది. ఆ మూడింటికీ ముందు ఒక మాట చెప్పనివ్వమని కమిటీని అడిగాను. అది ఎజెండాలో లేని మాట. కాని అది తేలకపోతే తక్కిన మూడూ తేలవని నా అనుభవం.

మొన్న సభ్యత్వాలు రాస్తుంటే ఇరవై రెండేళ్ల పిల్లవాడు వచ్చాడు. పేరు రాశాను, ఊరు రాశాను. ఏం పని అని అడిగితే కొంచెంసేపు ఆగి, "ప్రైవేట్ జాబ్ అని రాయి కాకా" అన్నాడు. "సాంచెల మీద చేస్తున్నవు గద బిడ్డా" అంటే, "అదిగూడ ఒక పనేనా కాకా! రేపు పిల్లనిచ్చేటోడు జూస్తే ఏమనుకుంటడు" అన్నాడు. అతని ఫోను వెనక అట్ట మీద ఒక సినిమా హీరో బొమ్మ ఉంది. ఆ హీరో సంగతి అడిగితే మాత్రం పావుగంటసేపు తల ఎత్తి మాట్లాడాడు.

ఆ పిల్లవాణ్ణి నేను తప్పు పట్టను. కాని నాకు ఒక ప్రశ్న వచ్చింది. తన పని పేరు చెప్పడానికే తల దించుకున్నవాడు రేటు పెంచమని సేట్ ముందు తల ఎత్తి ఎట్లా అడుగుతాడు? అందుకే ఈ మాట ఎత్తాను.

ఈ చిన్నతనం మనలోకి ఎక్కడినుంచి వచ్చింది? సగం పగార్‌లోనుంచి వచ్చింది. పన్నెండు గంటలు నిలబడి పని చేసినా బిస్సీ బాకీ, గది కిరాయి పోను మిగిలేది ఊరికి పంపడానికి చాలకపోతే ఎవరికైనా తాను తక్కువ అనిపిస్తుంది. నేను పదో తరగతి అయిపోయి భివండి వచ్చిన కొత్తలో ఒక ఖాతాలో మమ్మల్ని పేరుతో పిలిచేవారు కాదు. "ఏ ఆరు నంబర్!" అనేవారు. అది నేను నడిపే సాంచె నంబరు. కొన్నాళ్లకు బయట ఎవరైనా ఆరు అంటే నేను తిరిగి చూసేవాణ్ణి. మనిషి తన పేరు మరిచిపోవడం అట్లా మొదలవుతుంది.

మిగతా సగం మనం సంతోషంగా డబ్బు పెట్టి కొనుక్కొని చూసే తెర నుంచి వచ్చింది. నేను సినిమాకు విరోధిని కాదు. వీడియో పార్లర్ల కాలంలో బెంచీ మీద చోటు దొరకక నేల మీద కూర్చొని చూసినవాణ్ణి. నా పక్కన మోమిన్ పిల్లవాడు, ఉత్తరప్రదేశ్ భయ్యా, కరీంనగర్ తమ్ముడు కూర్చొని ఒకే చోట ఈలలు వేసేవాళ్లు. సాంచెల మోతలో రోజంతా చెవులు దిబ్బళ్లు పడ్డవాడికి మూడు గంటల పాట, మాట, నవ్వు కావాలి. అది మన హక్కు. నేను అడిగేది ఒకటే. ఆ తెర మీద మనకు ఎంత విలువ కట్టారో ఎప్పుడైనా లెక్క చూశామా?

మొదట మన మాట సంగతి చూడండి. ఎన్నో ఏళ్లు తెలుగు సినిమాలో మన తెలంగాణ యాస రౌడీకి ఇచ్చారు, లేకుంటే నవ్వించేవాడికి ఇచ్చారు. హీరోకు ఆ యాస పనికిరాలేదు. మన అమ్మ మాట్లాడే మాటకు హాలంతా నవ్వుతుంటే మనమూ నవ్వాం. ఇంటికి వచ్చి మన పిల్లలకు "మంచిగ మాట్లాడు" అని చెప్పాం. మంచిగ అంటే ఏమిటి? సినిమాలో మాదిరి అని. ఇక్కడ మన పిల్లలు బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతారు. మూడు భాషలు వచ్చిన పిల్లవాడు తెలివిగలవాడు కావాలి. మన ఇళ్లలో మాత్రం ఏ భాషా సరిగా రానివాడని వాణ్ణే తిడుతున్నాం.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2017లో 'ఫిదా' వచ్చింది, అందులో హీరోయిన్ బాన్సువాడ పిల్ల, మన యాసలోనే మాట్లాడింది. 2023లో 'బలగం' వచ్చింది. తెలంగాణలో ఊళ్లకు ఊళ్లు బజారులో తెర కట్టుకొని కలిసి చూసి ఏడ్చాయి. హీరో గాలిలో ఎగిరినందుకు ఎవరూ ఏడవలేదు. తమ ఇంట్లో పోయిన తాత, తాము మాట్లాడడం మానేసిన తోడబుట్టినవాళ్లు తెర మీద కనపడ్డందుకు ఏడ్చారు. జనానికి తమ ముఖం చూసుకోవాలని ఎంత దాహం ఉందో దాంతో తెలిసింది.

రెండోది పనివాడి సంగతి. తెర మీద కూలీలు లేరని కాదు, ఉన్నారు. మన హీరోలు కూలీ వేషం వేస్తే సినిమా బాగా ఆడుతుంది కూడా. కాని చివరిదాకా చూడండి. 2021లో వచ్చిన 'పుష్ప'లో హీరో ఎర్రచందనం నరికే కూలీగా మొదలై సిండికేటును ఏలేదాకా పోతాడు. అతని పక్కన దుంగలు మోసిన మిగతా కూలీలు ఎక్కడ మొదలయ్యారో అక్కడే ఉన్నారు. కూలీకి గౌరవం రావాలంటే కూలీగా ఉండకూడదు అన్నది ఇట్లాంటి కథలన్నింటి సారాంశం. ఒక్కడు పైకి పోతాడు, వెయ్యిమంది చప్పట్లు కొడతారు. మనం ఆ వెయ్యిమందిలో ఉన్నాం, కాని మనమే ఆ ఒక్కడమని అనుకొని ఇంటికి వస్తాం. తెల్లవారి సాంచె దగ్గర నిలబడితే ఆ సంగతి గుర్తొస్తుంది.

1982 సంవత్సరం గుర్తు చేస్తాను. ఆ ఏడు జూలై 26న బెంగుళూరులో 'కూలీ' షూటింగులో అమితాబ్ బచ్చన్‌కు దెబ్బ తగిలింది. ముంబయి బ్రీచ్ కాండీ ఆసుపత్రిలో ఆయన చావు బతుకుల మధ్య ఉంటే దేశమంతా పూజలు, నమాజులు చేసింది. అది మంచితనమే. ఆయన నిజంగానే నొప్పి పడ్డాడు. కాని అదే నగరంలో, జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె అప్పటికి ఏడో నెలలో ఉంది. సుమారు 2.5 లక్షల మంది కార్మికులు. ఇంట్లో గిన్నెలు అమ్ముకొన్నవాళ్లు, ఊరికి తిరిగి పోయినవాళ్లు, మళ్లీ ఎన్నడూ మిల్లు గేటు దాటనివాళ్లు. తెర మీద కూలీ కోసం దేవుణ్ణి మొక్కిన దేశానికి గిరణ్‌గావ్ చాళ్లలో ఉన్న నిజం కూలీలు కనపడలేదు.

ఆ సమ్మె మన కథ కూడా. మిల్లులు ఆగినప్పుడు ఆ పని పవర్‌లూమ్‌లకు మళ్లింది, భివండి సాంచెలు రాత్రింబగళ్లు ఆడాయి. సాంచెల గుడ్డ కొని తమ ముద్ర కొట్టి అమ్ముకొన్న మిల్లులు ఉన్నాయి. నేసినవాడు ఒకడు, అంచు మీద పేరు ఇంకొకడిది. మన విలువ ఎక్కడ పోయిందని అడిగేవాళ్లకు నేను ఆ అంచు చూపిస్తాను.

అభిమానం సంగతి కూడా ఒక మాట. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాదులో సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ముందస్తు ఆట చూడడానికి పోయిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. సినిమా చూడడానికి పోయిన మనిషి ఇంటికి తిరిగి రావాలి. హీరోను ప్రేమించండి, తప్పు లేదు. కాని కటౌటుకు పాలు పోసేవాడు ఇంట్లో పిల్లకు పాలు ఉన్నాయో లేవో చూసి పోయాలి. అభిమాన సంఘానికి చందా ఇచ్చి యూనియన్ చందా వచ్చే నెల అనేవాడు, తనకు దెబ్బ తగిలితే ఎవరు వస్తారో ఆలోచించాలి.

సినిమా రాకముందు మనకు ఆట పాట లేదా? మా తాత చెప్పేవాడు, ఊరికి కూనపులివాళ్లు వచ్చేవారట. బొమ్మలు రాసిన పొడుగాటి పటం విప్పి, మార్కండేయుడి కథ, భావనారుషి కథ రాత్రంతా చెప్పేవారు. అందులో కథానాయకుడు ఎవరు? నేత నేసేవాడు. దేవతలకు గుడ్డ ఇచ్చినవాడు. దాన్ని నిజమని నమ్మమని నేను అనను, అది పురాణం. కాని పని చేసి అలసిన నేతగాడు రాత్రి పటం ముందు కూర్చుంటే, నీ మగ్గం చిన్నది కాదు అని ఆ కథ అతనికి చెప్పేది. ఇప్పుడు మన తెర మనకు ఆ మాట చెప్పడం లేదు.

ఎప్పుడో ఒకసారి చెబుతుంది. 2019లో 'మల్లేశం' వచ్చింది, మీలో ఎంతమంది చూశారు? ఆలేరు దగ్గర శారాజీపేట పద్మశాలీ పిల్లవాడు, ఆరో తరగతితో చదువు ఆగిపోయినవాడు, చింతకింది మల్లేశం కథ అది. ఒక చీరకు ఆసు పోయాలంటే ఆయన తల్లి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. భుజం పడిపోతున్న తల్లిని చూడలేక ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు, దానికి తల్లి పేరు లక్ష్మి అని పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నేత పనిని వదిలి గొప్పవాడు కాలేదు, ఆ పని నొప్పి తెలిసినవాడు గనుక గొప్పవాడయ్యాడు. అట్లాంటి సినిమాకు మనం పది మందిని వెంటబెట్టుకొని పోవాలి. టికెట్టు కూడా ఒక ఓటే.

ముంబయిలో నారాయణ్ సుర్వే అనే మరాఠీ కవి ఉండేవాడు. తల్లిదండ్రులు ఎవరో తెలియని పసిబిడ్డను ఒక మిల్లు కార్మికుడు ఎత్తుకొని పెంచి తన ఇంటిపేరు ఇచ్చాడు. ఆ బిడ్డ పెద్దవాడై కార్మికుల మీద కవిత్వం రాశాడు, 1998లో పద్మశ్రీ అందుకొన్నాడు. ఇంటిపేరు ఇచ్చిన ఆ మిల్లు కార్మికుడు పేదవాడే. కాని ఇవ్వడానికి తన దగ్గర పేరు ఉందని అతనికి తెలుసు. ఆత్మగౌరవం అంటే నాకు అర్థమైంది అది.

ఇక ఒక వార్త చెబుతాను. 2025 ఆగస్టులో హైదరాబాదులో తెలుగు సినిమా షూటింగులు రెండు వారాలకు పైగా ఆగిపోయాయి. లైట్లు మోసేవాళ్లు, సెట్లు కట్టేవాళ్లు, మేకప్, డ్రైవర్లు, అందరూ సమాఖ్యగా నిలబడి 30 శాతం వేతనాలు పెంచమన్నారు. చివరికి దశలవారీగా 22.5 శాతం పెంచడానికి ఒప్పందం అయింది. చూశారా? తెర ముందు ఒక్కడే వందమందిని కొట్టి గెలుస్తాడు. తెర వెనక ఆ సినిమా తీసే కార్మికులు మాత్రం మన మాదిరే కమిటీ వేసుకొని, కలిసి కూర్చొని, పని ఆపి, మాట్లాడి గెలుచుకొన్నారు. మన పిల్లలకు ఫ్యాను కావలసిన వీరులు ఉంటే వాళ్లు కూడా ఉన్నారు.

మన పని సంగతి మనమే తక్కువ చేస్తాం. ఆరు సాంచెలు ఆడుతుంటే అందులో ఒక్కదాని చప్పుడు మారితే చెవి పట్టుకొంటుంది. నాడెలో కండె అయిపోకముందే చెయ్యి పోతుంది. పోగు తెగితే గుడ్డ మీద గీత పడకముందే చిటికెలో ముడి పడుతుంది. ఇది ఏ కాలేజీలోనూ నేర్పరు. కండెలు చుట్టే మన అక్కల వేళ్లకు తెలిసిన లెక్క సేట్ కంప్యూటరుకు తెలియదు. హీరో చొక్కా కూడా ఏదో ఒక సాంచె మీదనే పుట్టింది.

కాని గర్వం కడుపు నింపదు. విలువ అంటే కాగితం మీద కూడా కనపడాలి. మనలో ఎంతమందికి హాజరీ కార్డు ఉంది, పగార్ చిట్టీ ఉంది? పదిమంది ఉంటే ఈఎస్‌ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్ అని చట్టం ఉంది గనుక ఒకే షెడ్డును నాలుగు పేర్ల మీద విడగొట్టడం మనం చూస్తూనే ఉన్నాం. 2020 లాక్‌డౌన్‌లో మనం ఫలానా ఖాతాలో పని చేస్తున్నామని చూపడానికి చేతిలో ఒక్క చీటీ లేక నడిచిపోయినవాళ్లు ఎంతమంది! 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం అమల్లోకి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో మనం వ్యతిరేకించేవి చాలా ఉన్నాయి. సమ్మె హక్కును కట్టడి చేసేవి ఉన్నాయి. కాని ప్రతి కార్మికుడికి నియామక పత్రం ఇవ్వాలని కూడా అందులో ఉంది. ఆ ఒక్కటి పట్టుకొని అడుగుదాం. ఆరు నంబర్ అని పిలిచేవాడు మన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తన చేత్తో రాసి సంతకం పెట్టాలి.

సెలవు రోజు సినిమాకు పోతాం. ఆ సెలవు కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు. నారాయణ్ మేఘాజీ లోఖండే, తానూ ఒక మిల్లులో స్టోర్‌కీపరుగా పని చేసినవాడు, 1884 నుంచి ముంబయి మిల్లు కార్మికులను కూడగట్టి పోరాడితే 1890లో వారానికి ఒక రోజు సెలవు వచ్చింది. అంతకుముందు ఆ రోజు లేదు. కాబట్టి శుక్రవారమో ఆదివారమో హాయిగా సినిమా చూడండి, ఈల వేయండి. ఆ మూడు గంటలు మనకోసం సంపాదించి పెట్టినవాడు తెర మీద కనపడడు, అతని పేరు మీ పిల్లలకు చెప్పండి.

నియామక పత్రం కోసం దరఖాస్తు కాగితాలు ఆఫీసులో తెలుగులో, మరాఠీలో, హిందీలో సిద్ధంగా ఉన్నాయి. ఒక్కొక్కరు పోయి అడగవద్దు, ఒక షెడ్డువాళ్లంతా కలిసి ఒకే రోజు ఇవ్వండి. మీ పక్క సాంచెవాడు ఏ మతంవాడైనా, ఏ ఊరివాడైనా అతని దరఖాస్తు కూడా మీరే నింపి పెట్టండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!