ఉన్నత పాఠశాలలో వర్తక విద్య

కనిగిరి ప్రాంతమునుండి హైదరాబాదునకును బెంగళూరునకును కూలిపనికై వలసపోవు కుటుంబములను ఎరుగనివారు ఆ పరిసరములలో ఉండరు. వానలు తక్కువ, నేల మెట్ట, బోరునీటిలో ఫ్లోరైడు. పదవ తరగతి ముగించిన పిల్లవాడు సైతము తండ్రివెంట ఇటుకలు మోయుటకే పోవలసివచ్చినచో, ఆ పదేండ్ల చదువు వానికేమి చేసిపెట్టినట్లు? ఈ ప్రశ్నయే మమ్ము ఈ ప్రసంగమునకు పురికొల్పినది.

బడిలో వృత్తివిద్య నేర్పవలెనను మాట క్రొత్తది కాదు. కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న దినములలోనే, 1940ల చివర, మదరాసు రాష్ట్రపు ఉన్నత పాఠశాలలలో కార్యాలయపు పనిని ఒక ప్రత్యేక పాఠ్యశాఖగా ప్రవేశపెట్టిరి. 1952-53లో మొదలియారు సంఘము బహుళార్థ పాఠశాలలను సూచించుచు, వాణిజ్యమును ఏడు శాఖలలో ఒకటిగా చేర్చినది. అయినను, కాలేజీకి పనికిరానివారి చదువు ఇదియని తల్లిదండ్రులు దీనిని చిన్నచూపు చూచిరి. ఆ చూపు నేటికిని పూర్తిగా పోలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతినుండియే వృత్తిపరిచయము కలుగవలెననియు, 2025 నాటికి విద్యార్థులలో సగముమందికైన అది అందవలెననియు చెప్పినది. లక్ష్యము వేరు, తరగతిగది వేరు.

బడి నేర్పనిదానిని చాలకాలము టైపు ఇన్‌స్టిట్యూట్లు నేర్పినవి. తెల్లవారుజామున పిల్లలు వరుసగా కూర్చుండి, మీటలవంక చూడక వ్రేళ్లాడించుచు, లోయరు, హయ్యరు పరీక్షలకు సిద్ధపడుచుండెడివారు. ఆ యంత్రము దాదాపు మూలబడినది. కాని 1870లలో అమెరికాలో షోల్సు అమర్చిన మీటల వరుస కంప్యూటరులోను సెల్ ఫోనులోను దాదాపు అట్లే నిలిచియున్నది. తెలుగు లిపికి 1991లో యూనికోడునందు స్థానము లభించినది. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అచ్చులు ఎడమచేతివైపు, హల్లులు కుడిచేతివైపు ఉండును; ఒక్క నెల శ్రద్ధగా కూర్చున్న పిల్లకు చేయి తిరుగును. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు కొట్టుటయే తెలుగు టైపని మన పిల్లలు తలపోయుట మాకు కొంచెము కష్టముగానే తోచుచున్నది.

యంత్రమును నేర్పినంతమాత్రమున వ్యాపారము రాదు. పొరుగున మార్కాపురము పలకరాతికి పేరుపొందినది. ఒక వర్తకుడు పది వేల రూపాయల రాతిని అరువునకు అమ్మెననుకొందము. కొన్నవాని పద్దులో అది బాకీ, అమ్మకముల పద్దులో జమ. ప్రతి వ్యవహారమును ఇట్లు రెండుచోట్ల వ్రాయు పద్ధతిని 1494లో వెనీసునగరమున పచ్యోలీ గ్రంథస్థము చేసెను. నేడు బెంగళూరులో పుట్టిన ట్యాలీ ఆ పనిని క్షణములో చేయును. అయితే వర్తకుడు రంపపుయంత్రము కొన్న సొమ్మును మరమ్మతుల ఖర్చులో వ్రాసిన యెడల, రెండువైపుల మొత్తములు చక్కగానే సరిపోవును, యంత్రము కిక్కురుమనదు, లాభము మాత్రము తప్పుగా తేలును. ఆ తప్పును పట్టగలిగినది చిట్టా ఆవర్జాలు చేతితో వ్రాసి నేర్చిన బుద్ధియే. కనుక కంప్యూటరునకు ముందు ఒక ఏడాది కాగితపు పుస్తకముండవలెనని మా అభిప్రాయము. ఇది పాతకాలపు మాటయని కొందరనవచ్చును; అననిండు.

ఇక వలసపోవు పిల్లలమాట. మేస్త్రీ ఒక కుటుంబమునకు పదునెనిమిది వేలు బయానా యిచ్చి, దినమునకు నూటయేబది చొప్పున కూలిలో విరుచుకొనుననుకొందము. నూటయిరువది పనిదినములకు బాకీ తీరవలెను. హాజరు ఎవరు వ్రాసిరి? వాననాడు పని నిలిచిన దినము లెక్కకు వచ్చినదా, లేదా? ఇంట ఒక్క పిల్లయైన తేదీలవారిగా పుస్తకము పెట్టినచో నూటయిరువది యొకటవ దినమున అడుగుటకు ఆధారముండును. అదే పిల్లవాడు మస్టరు వ్రాయుటయు, గోడ పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఘనపుమీటర్లు కట్టుటయు నేర్చియున్నచో, గుత్తేదారు వానిచేత ఇటుకలు మోయించుటకు బదులు లెక్కలు వ్రాయించుకొనవచ్చును. దరఖాస్తు వ్రాయుట, టెలిఫోనులో ఎదుటివారి మాట పూర్తిగా విని బదులు చెప్పుట, జీతమెంతయని సంకోచింపక అడుగుట, సంతకమునకు ముందు కాగితము చదువుట, ఇవియు నేర్పదగినవే. ఆడపిల్లలకు ఈ చివరి రెండును మరింత అవసరము.

ఇందుకు పెద్ద భవనములు అక్కరలేదు. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల కాలములో పుస్తకసంచి లేని దినములు పది ఉండవలెనని పైన చెప్పిన విద్యావిధానమే కోరినది; పై తరగతుల పిల్లలు సెలవులలో పని నేర్చుకొనుటకును అందు వీలున్నది. ఆ దినములలో ఒకటి కనిగిరి బస్సు డిపోలో టిక్కెట్ల సొమ్ము ఎట్లు సరిచూతురో చూచుటకు, ఒకటి బ్యాంకులో, రెండు మూడు బజారులో చిట్టా యెదుట గడపవచ్చును. కొట్ల యజమానులు వేసవిలో ఇద్దరేసి పిల్లలను గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండనిచ్చినచో, వారిని వెంటబెట్టుకొని వచ్చుట ఉపాధ్యాయులకు భారము కానేరదు.